కుండీల్లో కొత్తరకం సువాసన మొక్కలు: మన విజయనగరం, సిక్కోలు గాలికి ఏవి నిలుస్తాయి?

మేడమీద మడి (విజయనగరం)

అందరికీ నమస్కారం. మాది అయ్యకోనేరు వైపు చిన్న డాబా ఇల్లు. పైన తూర్పు పిట్టగోడ వారగా 12 కుండీలకు చోటుంది. మధ్యాహ్నం రెండు దాటితే వాటర్ ట్యాంకు నీడ పడుతుంది. కొత్తిమీర, పుదీనా, కరివేపాకు, తులసి ఎలాగూ ఉన్నాయి. ఇవి కాక వంటకో టీకో పనికొచ్చే వేరే రకాలు పెంచాలని రెండేళ్ళుగా ప్రయత్నిస్తున్నాను.

నిరుడు ఆన్‌లైన్‌లో ఆరు రకాల విత్తనాలు తెప్పించాను. రోజ్‌మేరీ, థైమ్, లావెండర్, పెప్పర్‌మింట్, ఒరెగానో, బేసిల్. బేసిల్ బాగా మొలిచింది. పెప్పర్‌మింట్ కూడా మొలిచింది కానీ ఆకు నమిలితే పుదీనా ఘాటే లేదు. థైమ్ రెండు మొక్కలు లేచి, శ్రావణంలో ముసురు పట్టగానే నల్లబడి పోయాయి. మిగతావి మొలవనే లేదు. రోజ్‌మేరీని మళ్ళీ మొక్కగా కొన్నాను, దసరా వరకు కూడా ఉండలేదు. చాలా బాధ అనిపించింది.

మొన్న వినాయక చవితికి గంటస్తంభం దగ్గర పత్రి కొన్నాను. పూజ అయ్యాక అందులో మరువం రెమ్మలు ఇంకా పచ్చగా ఉంటే పారేయబుద్ధి కాక కుండీలో గుచ్చాను. పదిహేను రోజులకు చిగుళ్ళు వేసింది. అప్పటినుంచి ఒకటే ఆలోచన. మన గాలికి నిలిచేవి, కాస్త ప్రత్యేకంగా ఉండేవి ఏమిటో పెంచినవాళ్ళు చెప్పండి. రకం పేరుతో చెబితే ఇంకా మేలు.

మొక్కల బండి (బొబ్బిలి)

అక్కా, నాది చిన్న నర్సరీ. ఎక్కువ సరుకు కడియం నుంచి తెస్తాను. రోజ్‌మేరీ గురించి ఉన్నమాట చెబుతాను. అవి ఎక్కువగా చల్లటి ఊళ్ళలో కొబ్బరి పొట్టులో పెరిగి వస్తాయి. ఆ పొట్టు మన వానాకాలంలో ఆరదు. వేరు కుళ్ళిపోతుంది, ఆకు మాత్రం పది రోజులు పచ్చగానే ఉంటుంది. మనం ఎండిందనుకుని ఇంకో చెంబు నీళ్ళు పోస్తాం.

మళ్ళీ పెట్టాలనుకుంటే కార్తీకంలో పెట్టండి. మట్టికుండీ, సగానికి సగం ఏటి ఇసుక, కొంచెం ఎర్రమట్టి, గుప్పెడు వర్మీకంపోస్టు, అంతే. పైమట్టి వేలు దిగినంత లోతు ఎండాకే నీళ్ళు. జూన్‌లో చినుకు పడే లోపు చూరు కిందికి మార్చాలి. ఇలా నా దగ్గర ఒకటి మూడో ఏడు నడుస్తోంది. లావెండర్ మాత్రం మన దగ్గర వద్దు. అడిగినవాళ్ళకు కూడా నేను అమ్మను.

పెరటి మాస్టారు (పాలకొండ)

అమ్మా, మీ పోస్టు చదివి సంతోషించాను. కాలేజీలో ముప్పై ఏళ్ళకు పైగా వృక్షశాస్త్రం చెప్పాను. మీ పాకెట్ సంగతి ముందు చెప్పి తర్వాత రకాల దగ్గరికి వస్తాను.

పెప్పర్‌మింట్‌కు నిజానికి విత్తనం ఉండదు. అది మన వంటింటి పుదీనాకు, నీటి పుదీనా అనే ఇంకో జాతికి పుట్టిన సంకరం. గొడ్డు మొక్క. కాడ విరిచి నాటడం తప్ప దాన్ని పెంచే దారి లేదు. పాకెట్ మీద ఆ పేరు రాసి విత్తనం అమ్మారంటే లోపల ఉన్నది మరేదో పుదీనా. అందుకే మీకు ఘాటు తగల్లేదు. మన పుదీనాలో ముఖ్యమైన వాసన కార్వోన్‌ది, పెప్పర్‌మింట్‌లో మెంథాల్‌ది. ఆ మెంథాల్ వల్లే నోరు చల్లబడుతుంది.

ఇక మీ మరువం. అది పత్రిలో వచ్చింది కాబట్టి పూజ మొక్క అనుకుంటున్నాం. విదేశీ వంటల్లో స్వీట్ మార్జొరం అని వేసేది సరిగ్గా ఈ జాతే. మీరు మొలిపించలేకపోయిన ఒరెగానో దీనికి అక్కచెల్లెలు, ఇద్దరిదీ ఒకే ప్రజాతి. ఆకు కొంచెం ఆరబెట్టి టమాటా కూరలో గానీ పిల్లలు అడిగే పిజ్జాలో గానీ వేసి చూడండి. మీరు వెతుకుతున్న రకం మీ కుండీలోకి వచ్చేసింది.

బేసిల్‌దీ అదే కథ. కిరాణా కొట్లో దొరికే సబ్జా గింజలు ఏ మొక్కవి అనుకున్నారు? రుద్రజడ అంటాం, భూతులసి అని కూడా అంటారు. శాస్త్రీయంగా ఆసిమమ్ బాసిలికమ్. ఇటలీ వాళ్ళ బేసిల్‌ది కూడా అదే పేరు, అదే జాతి.

వంటింటి పక్క (శ్రీకాకుళం)

మాస్టారూ, మరువం గురించి నాకు కొత్త సంగతి. రేపే మా పూలామెను అడుగుతాను. సబ్జా మాట మాత్రం ఒప్పుకోలేను. మా అమ్మ వేసవిలో సబ్జా నీళ్ళు కలిపేది, పెరట్లో ఆ మొక్క కూడా ఉండేది. ఆకు నలిపితే లవంగం వాసన. హైదరాబాదులో మా అమ్మాయి ఇంట్లో ఇటలీ బేసిల్ తిన్నాను. అది తియ్యగా, మెత్తగా వేరేలా ఉంది. ఒకే మొక్క ఎలా అవుతుంది?

ఇంకో మాట. మా ఇంట్లో తులసికోట మొక్కని వంటకు తెంపం. ఆదివారం, ద్వాదశి అసలు చెయ్యి వెయ్యం. అందుకని వంటకు విడిగా ఒక మొక్క కావాలన్న మీ ఆలోచన నాకు నచ్చింది, మేడమీద మడి గారూ.

పెరటి మాస్టారు (పాలకొండ)

అమ్మా, మీ ముక్కు చెప్పింది తప్పు కాదు. నేను చెప్పిందీ తప్పు కాదు. జాతి ఒకటే, లోపలి నూనెలు వేరు. ఈ ఒక్క జాతిలోనే కొన్నిటికి యూజినాల్ ఎక్కువ, అది లవంగం వాసన. కొన్నిటికి లినలూల్ ఎక్కువ, అది మీరు తిన్న తియ్యటి వాసన. ఇంకొన్నిటిలో మిథైల్ చావికాల్ ఉంటుంది, ఆకు నమిలితే సోంపులా ఉంటుంది. థాయ్ బేసిల్ అని అమ్మేది ఆ చివరి రకం.

నేను చాలా ఏళ్ళుగా అందరికీ చెప్పేది ఇదే. సువాసన మొక్కని పేరు చూసి కొనకండి, ఆకు నలిపి కొనండి. ఒకే పేరుతో రెండు రకాల వాసనలు ఉంటాయి, ఒకే వాసన రెండు పేర్లతో ఉంటుంది. నచ్చిన వాసన దొరికాక దాన్ని విత్తనంతో కాకుండా కాడతో పెంచుకోండి. ఈ తులసి కుటుంబంలో పక్కపక్కన ఉన్న రకాలు తేనెటీగల వల్ల కలిసిపోతాయి. ఈ ఏడు గింజ తీసి వచ్చే ఏడు వేస్తే అదే వాసన వస్తుందన్న పూచీ లేదు. కాడ గుచ్చితే మాత్రం తల్లి వాసన తల్లిదే.

తులసి కుటుంబంలోనే ఇంకో మూడు జాతులు చెబుతాను. రామ తులసి, కృష్ణ తులసి ఒకే జాతి, రంగు తేడా. కృష్ణ తులసికి ఆ ఊదా రంగు నిలవాలంటే ఎండ బాగా తగలాలి, ట్యాంకు నీడలో పచ్చబడుతుంది. లవంగ తులసి వేరే జాతి, పెద్ద ఆకు, ఛాతీ ఎత్తు పొదలా అవుతుంది, పెద్ద గోలెం కావాలి. కర్పూర తులసి ఆఫ్రికా నుంచి వచ్చింది, ఆకులో నిజంగానే కర్పూరం ఉంటుంది. వంటకు కాదు. ఒక రెమ్మ నలిపి గదిలో పెట్టుకోవడానికి.

మేడమీద మడి (విజయనగరం)

మాస్టారూ, ఇది చదివి లేచి వెళ్ళి కిరాణా సబ్జా ఒక చెంచాడు కుండీలో చల్లాను! థైమ్ నాకు చాలా ఇష్టం. దాని బదులు ఏదైనా ఉందా?

వంటింటి పక్క (శ్రీకాకుళం)

దీనికి నేను చెబుతాను. వాము ఆకు. అదే, బజ్జీలు వేసుకునే దళసరి ఆకు, కర్పూరవల్లి అని కూడా అంటారు. నేను చికెన్ వేపుడులో థైమ్ బదులు రెండు ఆకులు సన్నగా తరిగి దించే ముందు వేస్తాను. మొక్క చావమన్నా చావదు. వాన ఎక్కువైతే ఆకు కాస్త పలచబడి వాసన తగ్గుతుంది, ఎండ రాగానే మళ్ళీ దారికొస్తుంది. అంచు తెల్లగా ఉండే రకం కూడా ఉంది, చూడ్డానికి బాగుంటుంది కానీ బజ్జీకి ఆకు చిన్నది.

బజ్జీకి ఒక చిట్కా: శనగపిండిలో పిడికెడు బియ్యప్పిండి కలపండి. ఆకుని కడిగి పూర్తిగా తుడవాలి, తడి ఉంటే పిండి జారిపోతుంది.

పెరటి మాస్టారు (పాలకొండ)

చాలా సరిగ్గా చెప్పారు. థైమ్‌కు ఆ వాసన థైమాల్ అనే పదార్థం వల్ల వస్తుంది. వాము ఆకులో కార్వాక్రాల్, థైమాల్ ఉంటాయి. డబ్బాలో ఉండే వాము గింజలోనూ థైమాలే ప్రధానం. అయితే ఆ గింజల మొక్క, ఈ ఆకు మొక్క వేర్వేరు. వాము గింజలు కార్తీకంలో చల్లితే కొత్తిమీరలాంటి సన్న ఆకుతో మొక్క వస్తుంది. చలికాలం అంతా ఆ ఆకుని పప్పులో వేసుకోవచ్చు. మధ్యధరా గాలికి పుట్టిన థైమ్‌ని మన ముసురులో ఉంచి ఏడిపించే కన్నా ఈ రెండూ పెంచుకోండి.

ఉద్దానం నీడ (కవిటి)

కొబ్బరితోటలో నీడన పెంచేవాణ్ణి. మాకు ఉప్పుగాలి, ఇసుక నేల, ఎండ తక్కువ. మీ ట్యాంకు నీడ కుండీలకు నా అనుభవం పనికొస్తుందనుకుంటా.

మొదటిది బిలాతి ధనే. ఒడిశా వైపు, బెంగాలీల దగ్గర ఈ పేరు వినబడుతుంది. పొడవాటి ఆకు, అంచున రంపం పళ్ళు, నేలకు అతుక్కుని విచ్చుకుంటుంది. ఆకారంలో కొత్తిమీరకు ఏ పోలికా ఉండదు, నలిపితే మాత్రం కొత్తిమీర వాసనే, ఇంకా రెండింతలు గట్టిగా. మనకు మేలో కొత్తిమీర చల్లితే తొందరగా పూతకొచ్చేస్తుంది కదా, ఇది నీడలో ఉంటే నెలల తరబడి ఆకు ఇస్తుంది. మధ్యలోంచి ముళ్ళ కాడ లేస్తే వెంటనే తుంచెయ్యాలి. ఎండబెట్టినా వాసన పోదు. చేపల పులుసులో ఒక్క ఆకు చాలు. విత్తనం దుమ్ములా ఉంటుంది, తాజాది కావాలి, మొలవడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. ఈలోపు కుండీ ఎండనివ్వకూడదు. చాలామంది మొలవలేదని పదో రోజునే మట్టి తిరగేస్తారు.

రెండోది రంభాకు. బియ్యం ఉడికేటప్పుడు ఒక ఆకు ముడివేసి వేస్తే మామూలు బియ్యానికి బాస్మతి వాసన వస్తుంది. ఇచ్ఛాపురం దాటితే గంజాం జిల్లా, అక్కడి మొగలిపూలకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ మొగలికి ఈ రంభాకు దగ్గరి చుట్టం. దీనికి ముళ్ళు దాదాపు ఉండవు. గింజలు రావు, మొదలు దగ్గర వచ్చే పిలకలు తీసి నాటుకోవాలి. నీడ, తడి రెండూ ఇష్టం.

పెరటి మాస్టారు (పాలకొండ)

బాస్మతి వాసన అన్నారు కదా, అది పోలిక మాత్రమే కాదు. రంభాకులోనూ బాస్మతిలోనూ ఉన్నది ఒకే పదార్థం, 2-ఎసిటైల్-1-పైరోలిన్.

మొక్కల బండి (బొబ్బిలి)

రంభాకు నా దగ్గరికి ఎవరైనా అడిగితేనే తెస్తున్నా, ఇకనుంచి ఉంచుతాను. నిమ్మగడ్డి కొనేవాళ్ళకు ఒక జాగ్రత్త. సిట్రొనెల్లా అనే గడ్డి అచ్చం అలాగే ఉంటుంది, కాడ మొదలు ఎర్రగా ఉంటుంది. దోమల నూనెకు వాడేది అదే, టీలో బాగుండదు. మాస్టారు చెప్పినట్టు ఆకు చివర చింపి వాసన చూస్తే నిమ్మగడ్డి శుభ్రంగా నిమ్మలా ఉంటుంది, సిట్రొనెల్లా సబ్బులా ఉంటుంది.

కొత్తిమీర రకం ఎవరైనా చెబుతారా మాస్టారూ? ఒకాయన వచ్చి లాం ఫారం (గుంటూరు దగ్గరి వ్యవసాయ పరిశోధన కేంద్రం) రకం కావాలని పట్టుబట్టాడు.

పెరటి మాస్టారు (పాలకొండ)

గుంటూరు లాం నుంచి వచ్చిన స్వాతి, సింధు, సాధన లాంటివి ధనియాల కోసం చేసిన రకాలు బాబూ. రైతుకు గింజ దిగుబడి కావాలి. మనకు కావలసింది దానికి ఎదురు, పూత ఆలస్యం కావాలి. ఆకుకైతే బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ళ అర్క ఈశా లాంటి, కోసిన కొద్దీ మళ్ళీ వేసే రకం చూడండి. ఏ రకమైనా ధనియాన్ని చెప్పుతో నలిపి రెండు బద్దలు చేసి చల్లాలి. ఒక్కో ధనియంలో రెండు గింజలుంటాయి.

కొండదిగువ (సీతంపేట)

ఇన్నాళ్ళూ చదవడమే, రాయడం మొదటిసారి. మీ 12 కుండీల్లో ఒకటి పిప్పలి తీగకు ఇవ్వండి. మిరియం చుట్టమే, తమలపాకు లాంటి ఆకు. గోడ మీద నీడలో పాకుతుంది. సన్నటి కంకిలా కాయ వస్తుంది, పండకముందే, ముదురు ఆకుపచ్చ నలుపు తిరిగేటప్పుడు కోసి ఎండబెట్టాలి. విశాఖ మన్యంలో వేరు కోసం పెంచుతారు, పిప్పలి మోడి అంటే అదే. ఇందులో ఆడ మొక్క, మగ మొక్క వేరు. కాయ కావాలంటే కాయ కాస్తున్న తీగ నుంచే ముక్క తెచ్చుకోండి. కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళ విశ్వం అనే రకం కూడా ఉంది.

మా దగ్గర సంతకు వచ్చేవాళ్ళు కొందరు అడవిలోంచి పిప్పలి వేరు పీకి తెమ్మని మనుషుల్ని పంపిస్తున్నారు. దయచేసి అలా చేయకండి. తీగ ముక్క ఇస్తే మొక్క బతికి ఉంటుంది. వేరు తవ్వితే ఆ చోట ఇక ఉండదు. పోయిన ఏడాది మా వెనక వాగు ఒడ్డున మూడు చోట్ల గోతులే మిగిలాయి, చూస్తే ప్రాణం ఉసూరుమంది.

ఉద్దానం నీడ (కవిటి)

మంచి మాట చెప్పారు. అడవి మూలికల మాట వచ్చింది కనుక మనసులో ఉన్నది చెప్పాలి. మా ఊళ్ళలో కిడ్నీ జబ్బు సంగతి అందరికీ తెలుసు. మా ఇంట్లోనూ డయాలసిస్‌కు తిరిగిన మనిషి ఉన్నారు. దాని అసలు కారణం ఇదీ అని ఇంతవరకు తేలలేదు. ఆ భయంతో జనం ఏ ఆకు చెబితే ఆ ఆకు కషాయం కాచుకుంటున్నారు. ఎవరో ఈశ్వరి తీగ మంచిదని చెబితే మా బంధువు ఒకాయన దాని కషాయమూ పెట్టుకున్నాడు.

పెరటి మాస్టారు (పాలకొండ)

బాబూ, ఆ ఈశ్వరి మాట అందరూ గుర్తుపెట్టుకోవాలి. అందులో అరిస్టలోకిక్ ఆమ్లం ఉంటుంది. అది నేరుగా కిడ్నీని పాడు చేస్తుంది, క్యాన్సర్ కూడా తెస్తుంది. యూరప్‌లో బాల్కన్ దేశాల పల్లెల్లో తరతరాలుగా వచ్చిన కిడ్నీ జబ్బుకు ఈ కుటుంబం మొక్క గింజలు గోధుమల్లో కలవడమే కారణమని తేలింది. ఉద్దానం జబ్బుకు ఇదే కారణం అని నేను అనడం లేదు. ఎవరూ ఏ రూపంలోనూ ఈ తీగను లోపలికి తీసుకోవద్దని చెబుతున్నాను. పెరట్లో ఉంటే ఉండనివ్వండి, నల్లటి రెక్కల మీద ఎర్రమచ్చలుండే సీతాకోకచిలుకలు గుడ్లు పెట్టేది దాని మీదే.

మాచిపత్రి కూడా పూజకే ఉంచండి. ముఖ్యంగా గర్భిణులు తినకూడదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు ఏ ఆకు కషాయమైనా డాక్టరుని అడిగాకే.

వంటింటి పక్క (శ్రీకాకుళం)

మీ ఇంట్లో వారికి నెమ్మదించాలని కోరుకుంటున్నాను అన్నయ్యా. మా బంధువుల గ్రూపులో ఈ ఈశ్వరి మాట ఇప్పుడే పెట్టాను.

దవనం గురించి ఎవరూ అనలేదు. చైత్రంలో గుళ్ళో దవనం వేసే రోజున ఆ వాసనకే నేను వెళ్తాను. ఇంట్లో వస్తుందా?

మొక్కల బండి (బొబ్బిలి)

వస్తుంది. నవంబరులో చల్లాలి, ఫిబ్రవరి, మార్చిలో పూత మొదలయ్యేటప్పుడు వాసన గట్టిగా ఉంటుంది. విత్తనం మాత్రం తొందరగా చచ్చిపోతుంది, ఆ ఏడాది తీసినదే కావాలి. నీళ్ళు నిలిస్తే ఒక్క రాత్రిలో వాలిపోతుంది.

అక్కా, ఇంకొకటి. తుఫానుల కాలం దాటేదాకా పిట్టగోడ మీద కుండీలు పెట్టకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా షెడ్డు మీద కుండీ ఒకటి వీధి అవతల దొరికింది.

ఉద్దానం నీడ (కవిటి)

2018 అక్టోబరు 11న తిత్లీకి మావి కొబ్బరిచెట్లే పడిపోయాయి, కుండీలదేముంది. వాతావరణ హెచ్చరిక రాగానే అన్నీ కిందికి దించి గోడకు ఆనించి ఉంచండి. తుఫాను వెళ్ళాక ఆకుల మీద ఉప్పు ఉంటుంది, మంచినీళ్ళతో కడగాలి. మా రంభాకు అలాగే బతికింది.

మేడమీద మడి (విజయనగరం)

ఆరు వారాల తర్వాత మళ్ళీ రాస్తున్నాను. సిరిమానోత్సవం హడావిడిలో పడి ఆలస్యమైంది.

కిరాణా సబ్జాలో తొమ్మిది మొక్కలు నిలిచాయి. మాస్టారు చెప్పినట్టు ఒక్కొక్కటీ నలిపి చూశాను. ఆరింటిది లవంగం వాసన, రెండు సోంపులా ఉన్నాయి. ఒకటి మాత్రం నిమ్మలా ఉంది! దాన్ని పూత రాకుండా గిల్లి, నాలుగు కాడలు నీళ్ళ గ్లాసులో పెట్టాను, వారానికి తెల్లటి వేర్లు వచ్చాయి. సోంపు వాసనది ఒకటి దాని కుండీలోనే ఉంచుకున్నా. లవంగం రకం పక్కింటివాళ్ళకు ఇచ్చాను.

ఇప్పుడు నా లెక్క ఇది. ఎండ వైపు మరువం, నిమ్మవాసన సబ్జా, కృష్ణ తులసి, ఇసుకమట్టిలో ఒకే ఒక్క రోజ్‌మేరీ. నీడ వైపు వాము ఆకు, రంభాకు, బిలాతి ధనే. గోడ మూలకి పిప్పలి. కార్తీకంలో వాము గింజలు, దవనం. రెండు కుండీలు ఇంకా ఖాళీ, అవి కావాలనే ఉంచాను.

మరువం రెమ్మ ఆరబెట్టి టమాటా పప్పులో వేశాను, మా ఆయన రెండుసార్లు అడిగి వేయించుకున్నారు. వంటింటి పక్క అక్కా, మీకు నిమ్మ సబ్జా కాడ ఉంచాను. ఆదివారం అరసవల్లి వస్తున్నాం, ఎక్కడ కలవమంటారో చెప్పండి. బిలాతి ధనే విత్తనం మాత్రం నాకు ఇంకా దొరకలేదు, కవిటి అన్నయ్యా, కాడ లేచినప్పుడు ఒకటి గింజకు వదులుతారా?

ఉద్దానం నీడ (కవిటి)

రెండు వదిలేశానమ్మా. గింజ ముదరడానికి ఇంకో నెల పడుతుంది. రాగానే తడి ఇసుకలో కలిపి పంపిస్తాను, అందిన రోజే చల్లెయ్యండి.